నేను తర్జుమా చెయ్యని మాటలు

2003 మే నెల అంటే మావైపు ఎవర్ని కదిలించినా ముందు ఎండ గురించే చెప్తారు. రాష్ట్రంలో వెయ్యి మందికి పైనే వడదెబ్బకి పోయిన ఏడాది అది. ఒంగోల్లో పదకొండు దాటితే రోడ్డు మీద కుక్క కూడా కనపడేది కాదు. సరిగ్గా ఆ నెల్లో, రోహిణి కార్తెని నెత్తిన పెట్టుకుని, అమెరికా నించి ముగ్గురు ఆడపిల్లలు మా పొదిలి వైపు పల్లెల్లో వి.బి.ఎస్. చెయ్యడానికి వచ్చారు, వాళ్ళకి మూడు వారాలు తర్జుమా చేసింది నేనే.

వి.బి.ఎస్. అంటే వెకేషన్ బైబిల్ స్కూల్. తెలియనోళ్ళకి చెప్పాలంటే, ఎండాకాలం సెలవుల్లో చర్చిలో పిల్లల్ని పోగేసి పదిరోజులు పాటలు, కథలు, కంఠతా వాక్యాలు, ఆఖర్రోజు ప్రైజులు. మా చిన్నప్పుడు ఆ ప్రైజుగా ఇచ్చే స్టీలు గిన్నె కోసం కీర్తనలు కీర్తనలు బట్టీ పట్టేవాళ్ళం. నాకప్పుడు ఇరవయ్యేళ్ళు, డిగ్రీ సెకండియర్ పరీక్షలు అయిపోయి ఇంట్లో ఖాళీగా ఉన్నా. మిషన్ హాస్టల్లో ఉండి చదువుకున్నా కాబట్టి ఇంగ్లీషు బానే వచ్చని పేరు. మా చర్చి పాస్టరు అయ్యగారు మా నాన్న దగ్గరికొచ్చి, మీ అమ్మాయిని పంపండి, ఆడపిల్లలకి ఆడపిల్లే తోడుంటే మంచిది, రోజుకి వంద ఇస్తాం అన్నారు. నాన్న ఒప్పుకున్నాడు. నేనైతే ఆ వంద లేకపోయినా పోయేదాన్ని.

పేర్లు రాయను. పల్లెల్లో పిల్లలు వాళ్ళకి పెట్టిన పేర్లే చెప్తా. పొడుగక్క, మచ్చలక్క, చిన్నక్క. చెన్నైలో విమానం దిగి పినాకిని ఎక్కి సాయంత్రానికి ఒంగోలు స్టేషన్లో దిగారు, ముగ్గురి మొహాలూ టమాటాల్లాగా ఉన్నాయి. మా పాస్టరమ్మ వాళ్ళ కోసం ముందే చుడీదార్లు కుట్టించి పెట్టింది, కొలతల్లేకుండా అందాజాగా. పొడుగక్కకి ప్యాంటు పిక్కల దాకానే వచ్చింది. ఆ పిల్ల అదే ఇక్కడి ఫ్యాషన్ అనుకుని మూడు వారాలూ అట్టాగే తిరిగింది, మేమూ చెప్పలేదు. చెప్పకుండా ఊరుకోవడం అక్కడే మొదలైందేమో నాకు, ఇప్పుడు ఆలోచిస్తే.

వాళ్ళది ఐయోవా అనే రాష్ట్రం, అంతా మొక్కజొన్న చేలేనంట. ఒంగోల్లో పెద్దోళ్ళకి ఆ పేరు చెప్పగానే మొహాలు వెలిగిపొయ్యేవి. ఎందుకంటే ఒంగోల్లో మిషన్ నడిపిన అమెరికా మిషనరీ క్లౌ దొర కాలేజీ చదువు చదివింది ఆ రాష్ట్రంలోనే. 1866లో ఒంగోలు వచ్చాడాయన. తర్వాత పదేళ్ళకి పెద్ద కరువొస్తే బకింగ్‌హాం కాలవలో కొంత మేర తవ్వించే కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి చూపించాడు, మతంలోకి రాకముందు అమెరికాలో సర్వేయరు పని చేసుండాడు కాబట్టి ఆ లెక్కలు ఆయనకి తెలుసు. కరువులో కూటి కోసం మతంలో కలిసే వాళ్ళు వద్దని బాప్తిస్మాలు ఆపేసి, తర్వాత 1878 జూలై 3న ఒక్కరోజే 2222 మందికి గుండ్లకమ్మలో బాప్తిస్మాలు ఇప్పించాడు. మా తాత వాళ్ళ తాత ఆ కాలవలో మట్టి మోశాడని ఇంట్లో చెప్పుకుంటారు. ఇదంతా ఒక రిటైర్డ్ మాస్టారు వాళ్ళకి చెప్పి, మీ క్లౌ దొర వంశంలో వాళ్ళు ఎవరన్నా తెలుసా అమ్మా అని ఆశగా అడిగాడు. వాళ్ళు ముగ్గురూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఆ పేరే వినలేదు. మచ్చలక్క ఇంగ్లీషులో మెల్లగా అంది, ఎవరాయన అని. నేను మాస్టారితో, "వాళ్ళ నాయనమ్మ చెప్పేదంట సార్ ఆయన గురించి" అన్నా. మాస్టారి కళ్ళల్లో నీళ్ళు.

అట్టా అలవాటైపోయింది.

పొదిలి దాటాక కనిగిరి పొయ్యే దారిలో మొదటి పల్లె. పొద్దున్నే ఆరున్నరకి మొదలుపెట్టి పదిన్నరకల్లా ముగించేవాళ్ళం, తర్వాత చర్చి రేకుల కింద నిలబడలేం. పిల్లలు నూటపాతిక మంది దాకా వచ్చేవాళ్ళు. సగం మంది పాటల కోసం, సగం మంది తెల్ల అక్కల జుట్టు ముట్టుకోడానికి. మచ్చలక్క చేతుల మీద మచ్చలు చూసి ఒక బుడ్డోడు రోజూ ఉమ్మి తడిచేసి రుద్దేవాడు పోతాయేమోనని. ఆ పిల్ల నవ్వేది, చెయ్యి వెనక్కి తీసుకునేది కాదు, అది నాకు భలే నచ్చింది.

ఈ మచ్చలక్కే అమెరికా నించి ఒక పెద్ద సూట్‌కేసు నిండా టూత్‌బ్రష్‌లు తెచ్చింది. పిల్లల పళ్ళు చూసి గుండె తరుక్కుపొయ్యిందంట మొదటిరోజు. నిజమే, మావైపు పిల్లల పళ్ళు గోధుమరంగు గీతలు గీతలుగా ఉంటాయి. పొదిలి, కనిగిరి, దర్శి ఈ బెల్టంతా ఫ్లోరైడు నీళ్ళు. లీటరుకి ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితేనే ప్రమాదం అంటారు, ఇక్కడ బోర్లలో అంతకి ఎంతో ఎక్కువ ఉండే ఊళ్ళున్నాయి. పళ్ళు లోపల తయారయ్యే వయసులోనే ఆ నీళ్ళు తాగితే మరక పంటితోనే పుడుతుంది, ఎంత తోమినా పోదు. ఇంకా ముదిరితే ఎముకలకి, నడుములు వంగిపోతాయి. ఆమెకి అదేం తెలియదు. పిల్లలు పళ్ళు తోముకోరు అనుకుంది. వరసగా నిలబెట్టి, ప్లాస్టిక్ పళ్ళసెట్టు ఒకటి పట్టుకుని, ఇట్టా పైకి, ఇట్టా కిందికి అని ఎంత ప్రేమగా నేర్పిందో.

వేపచెట్టు కింద కూచున్న ముసలాయన, నడుం వంగిపోయినాయన, ఇదంతా చూసి నాతో అన్నాడు, "అమ్మాయ్, ఆ పిల్లకి చెప్పు. మేం రోజూ యాపపుల్లతో తోముతానే ఉండాం. మమ్మల్ని తోమడం కాదు, ఆ బోరుని తోమమను."

ఆమె నా వైపు చూసింది, తాత ఏమంటున్నాడు అని. నేను, చాలా థాంక్స్ చెప్తున్నాడు అన్నా.

ఇంకో ఎగతాళి ఏంటంటే ఆమె ఇచ్చిన పేస్టు మీద కూడా ఫ్లోరైడు అని ఉంది. ఈ పంపకాలప్పుడు వాళ్ళతో ఉన్న ఒక పెద్దమనిషి, మా వైపాయనే, పిల్లలందర్నీ నోళ్ళు తెరిపించి గారపళ్ళు కనపడేట్టు ఫొటోలు తీసుకున్నాడు. అవి ఎక్కడికి పంపాడో, ఏమొచ్చిందో ఆ ఊరికైతే ఏం రాలేదు. దాని గురించి ఇంతకన్నా రాయను.

ఇంకో మాట కూడా చెప్పాలి. వాళ్ళు వచ్చింది టూరిస్టు వీసాల మీద, దాని మీద వచ్చి ప్రసంగాలు చెయ్యకూడదు. ఒరిస్సాలో గ్రాహం స్టెయిన్స్‌ని, ఇద్దరు కొడుకుల్ని జీపులోనే తగలబెట్టి అప్పటికి నాలుగేళ్ళే అయింది, మా పెద్దోళ్ళకి ఆ భయం గట్టిగా ఉంది. అందుకని మైకు పెట్టొద్దు, ఎవరన్నా అడిగితే ఫ్రెండ్స్ ఇంటికి వచ్చారని చెప్పు అన్నారు నాతో. రాత్రిపూట ఇళ్ళల్లో ఆడవాళ్ళని కూచోబెట్టి, ఈ ముగ్గురి చేత సాక్ష్యం, అంటే దేవుణ్ణి ఎట్టా తెలుసుకున్నారో వాళ్ళ సొంత కథ, మాత్రం చెప్పించేవాళ్ళు. అది మాత్రం ప్రసంగం కాదా అంటే, ఏమో. ఇప్పుడైతే నాకు సబబుగా అనిపించదు, అప్పుడు ఎవరూ నన్ను అడగలా, నేనూ అనుకోలా.

ఆ సాక్ష్యం సంగతే అసలు.

చిన్నక్కకి పంతొమ్మిదేళ్ళు. మనిషి కూడా పీచులాగా ఉండేది. ఆమె సాక్ష్యం ఏంటంటే, తనకి పన్నెండేళ్ళప్పుడు అమ్మానాన్న విడాకులు తీసుకున్నారు, నాన్న వేరే ఊరు వెళ్ళిపోయి ఇంకో పెళ్ళి చేసుకున్నాడు, తను హైస్కూల్లో ఉండగానే హోటల్లో పనిచేసి ఒక పాత కారు కొనుక్కుని, చాలా ఒంటరిగా ఉండేది, అప్పుడు దేవుణ్ణి తెలుసుకుంది. మొదటిరోజు రాత్రి ఒక కొట్టంలో, లాంతరు పెట్టుకుని, నలభై మంది ఆడవాళ్ళు. పొగాకు గ్రేడింగుకి పొయ్యి వచ్చినోళ్ళు, చేతులు ఇంకా పొగాకు కంపు కొడతా ఉన్నాయి. వాళ్ళ ముందు "కష్టాల్లో ఉండి కారు కొనుక్కున్నా" అని ఎట్టా చెప్పేది? సైకిల్ అన్నా. విడాకులు అనే మాట దగ్గర ఇంకా ఇరుక్కుపోయా. ఆ మాట అంటే ఆ పిల్లని ఎట్టా చూస్తారో, వాళ్ళమ్మని ఏమనుకుంటారో నాకు తెలుసు. నోట్లో మాట తిప్పి తిప్పి, "ఈమె పన్నెండో ఏట తండ్రి దూరమయ్యాడు" అనేశా.

దూరమయ్యాడు అంటే మనోళ్ళకి ఒకటే అర్థం కదా.

ఒక్కసారిగా కొట్టంలో గాలి మారిపోయింది. అయ్యో తల్లా అని ముందు వరసలో ఒక అవ్వ లేచొచ్చి, చిన్నక్క గడ్డం పట్టుకుని, తల కడుపుకి అదుముకుని రాగం తీసి ఏడవడం మొదలుపెట్టింది. తండ్రిలేని బిడ్డ, అంత దేశం దాటి మనకోసం వచ్చిందే అంటా. ఆమె ఏడిస్తే ఇంకో నలుగురు. భర్తలు పోయినోళ్ళు, తండ్రులు పోయినోళ్ళు, ఎవరి ఏడుపు వాళ్ళు. చిన్నక్క బిత్తరపోయి ఆ చీర మడతల్లోంచి నావైపు చూసింది, ఏమైంది అని. నేను ఇంగ్లీషులో చెప్పా, నీ సాక్ష్యం వాళ్ళని బాగా తాకింది అని. అదేం అబద్ధం కాదు కదా అని నాకు నేనే సర్ది చెప్పుకున్నా.

తెల్లారి ఆ అవ్వ చెంగులో ఆరు నాటుకోడి గుడ్లు కట్టుకుని వచ్చింది. తండ్రి లేని పిల్ల బాగా తినాలంది. రెండు కోళ్ళు పెట్టుకుని గుడ్లమ్మి బతికే మనిషి. ఆరు గుడ్లంటే ఎన్నిరోజుల సరుకులో మీరే లెక్కేసుకోండి.

ఇంక ఆ తర్వాత ప్రతి ఊళ్ళోనూ అదే చెప్పా. మార్చాలనిపించలా. మార్చితే ముందు ఊరివాళ్ళకి తెలిసిపోద్ది, పల్లెల మధ్య మాట ఎంతసేపు పోవడానికి. పాస్టరమ్మ కూడా సంతోషపడింది, ఈ పిల్ల సాక్ష్యానికి భలే శక్తి ఉందే అని.

ఒక్కచోట మాత్రం ఉన్నదున్నట్టు తర్జుమా చేశా. పొదిలి బస్టాండు దగ్గర టీ అంగడి, దాని ఓనరు ఒక ముసలి సాయిబు గారు. అప్పటికి అమెరికా ఇరాక్ మీదకి పొయ్యి రెండు నెలలు, పేపర్ల నిండా అదే. ఆయన టీ ఇస్తా ఇస్తా, కోపంగా ఏం కాదు, మామూలుగానే, "మీ బుష్షు ఆ పసిపిల్లల మీద బాంబులెందుకేస్తన్నాడో అడుగమ్మా" అన్నాడు. నాకెందుకో ఈయన మాట మింగబుద్ధి కాలేదు. పొడుగక్కకి యథాతథంగా చెప్పా. ఆమె గ్లాసు కింద పెట్టి కాసేపు మాట్లాడలేదు. తర్వాత, మా తమ్ముడు సైన్యంలో ఉన్నాడు, ఇప్పుడు అక్కడే ఉన్నాడు, వాడికి ఇరవయ్యేళ్ళు, ఎందుకెళ్ళాడో వాడికీ తెలియదు, మా అమ్మ నిద్రపోవట్లేదు అంది. అదీ చెప్పా. సాయిబు గారు గుడ్డతో బల్ల తుడుస్తా తుడుస్తా, "అల్లా చల్లగా చూస్తాడులే" అన్నాడు. టీ డబ్బులు ఎంత ఇచ్చినా తీసుకోలా.

ఇట్టా అన్నీ చెప్పేసుంటే ఎట్టా ఉండేదో అని అప్పుడప్పుడు అనుకుంటా.

అదే పొడుగక్కతో ఇంకోటి జరిగింది. ఒక ఊళ్ళో, మావాళ్ళుండే పల్లెలో కాదు, పెద్దకులాలోళ్ళుండే ఊళ్ళో, ఒక పెద్దాయన అమెరికా పిల్లలొచ్చారంట చూద్దాం అని ఇంటికి కబురంపాడు. వాళ్ళబ్బాయికి అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మా తాతలకి ఆ ఇంటి వాకిలి దాటే హక్కు ఉండేది కాదు, మా నాన్న కూడా వాకిట్లోనే నిలబడి మాట్లాడొచ్చేవాడు. పోతే వసారాలో మూడు కుర్చీలు వేసి ఉన్నాయి. మూడే. నేను స్తంభం పక్కన నిలబడ్డా. ఆ ఇంటామె మజ్జిగ తెచ్చింది, నిమ్మాకు నలిపేసి, చల్లగా, వాళ్ళ ముగ్గురికీ స్టీలు గ్లాసుల్లో. నాకు మాత్రం పెళ్ళిళ్ళల్లో వాడి పారేసే ప్లాస్టిక్ గ్లాసులో.

నేను తీసుకున్నా. అలవాటే కదా. కానీ ఆ పొడుగక్కకి వాళ్ళ లీడరు ఏం చెప్పుండాడంటే, బయట గ్లాసుల్లో తాగొద్దు, వాడి పారేసేవి అయితేనే తాగండి, లేకపోతే విరేచనాలు పట్టుకుంటాయి అని. ఆమె నా చేతిలో ప్లాస్టిక్ గ్లాసు చూసి, నీకే మంచిది ఇచ్చారే అని నవ్వి, నాది తీసుకుని తన స్టీలు గ్లాసు నా చేతిలో పెట్టేసింది. చల్లటి గ్లాసు, బయట నీటి చుక్కలు పట్టి ఉంది, దాని మీద పెళ్ళిలో చదివించినోళ్ళ పేరు చుక్కలు చుక్కలుగా కొట్టి ఉంది. అది ఇప్పటికీ నా కళ్ళ ముందు ఉంది. ఆ ఇంటామె చెయ్యి గాల్లో అట్టాగే ఆగిపోయింది. పెద్దాయన దగ్గాడు. ఎవరూ ఏమీ అనలేదు. అమెరికా పిల్లల ముందు ఏమంటారు? నేను ఎత్తి పోసుకోకుండా, పెదాలకి ఆనించి, మొత్తం తాగా. గుండె దడదడ కొట్టుకుంటా ఉంది గానీ తాగా.

బయటికొచ్చేటప్పుడు వెనక్కి తిరిగి చూస్తే ఆ గ్లాసు గొడ్లచావిడి గోడ మీద బోర్లించి ఉంది.

దారిలో పొడుగక్క అడిగింది, కుర్చీ ఎందుకు అడగలేదు, నువ్వెందుకు నిలబడ్డావ్ అని. నడుం నొప్పి, నిలబడితేనే బాగుంటది అన్నా. ఇరవయ్యేళ్ళ పిల్లకి నడుం నొప్పేంటని ఆమెకీ అనుమానం రాలా. ఫ్లోరైడు గురించి చెప్పుంటే అదన్నా నమ్మేదేమో.

చివరి వారం ఒంగోలు తీసుకొచ్చారు. తెల్లారుజామున ప్రార్థన కొండ ఎక్కించాం. 1854 జనవరి ఒకటిన ఇట్టాగే తెల్లారకముందు, క్లౌ దొర కన్నా ముందొచ్చిన మిషనరీ జువెట్ దొర, ఆయన దొరసాని, ముగ్గురు తెలుగోళ్ళు ఆ కొండెక్కి ప్రార్థన చేశారు, అప్పటికి తెలుగు మిషన్ దండగ, మూసేద్దామా అని అమెరికాలో తర్జనభర్జన పడతన్నారు. ఆ ముగ్గురు తెలుగోళ్ళలో ఇద్దరు ఆడవాళ్ళు, జూలియా, రూతు. క్లౌ దొర రెండో భార్య ఎమ్మా కూడా పెళ్ళికి ముందు ఒంటరిగా మిషన్ పనికని దేశం దాటొచ్చిన అమ్మాయే, ఈ ముగ్గురిలాగా. తర్వాత 1899లో మా మాదిగల గురించి ఇంగ్లీషులో పుస్తకం రాసింది. నేను పెళ్ళయ్యాక ఎప్పుడో చదివా అది. చదువుతున్నంతసేపూ ఒకటే ఆలోచన, ఆమె ముందు కూచుని కథలు చెప్పిన ఆ ముసలాళ్ళు, దొరసాని కదా అని ఎన్ని మాటలు గొంతులోనే ఉంచుకున్నారో అని.

ఆరోజు రాత్రి పాస్టరు గారి మిద్దె మీద పడుకున్నాం. కరెంటు పొయ్యింది. మిగతా ఇద్దరూ నిద్రపోయారు. చిన్నక్క లేచి పిట్టగోడ దగ్గర కూచుంది. దగ్గరికి పోతే ఏడుస్తా ఉంది. మెల్లగా చెప్పింది. నేను రోజూ అదే కథ చెప్తున్నా, వాళ్ళందరూ అంతలా ఏడుస్తున్నారు, నాకేమో లోపల ఏం అనిపించట్లేదు. నా కథ అంత పెద్దదేం కాదు. మా నాన్న నాకు పుట్టినరోజుకి ఫోన్ చేస్తాడు. ఆ అవ్వ నన్ను పట్టుకుని ఏడ్చినప్పుడు నేను మోసం చేస్తున్నాననిపించింది. నేను చెప్పేది నేను నమ్ముతున్నానో లేదో కూడా నాకు తెలియట్లేదు.

నాకు నోరు పడిపోయింది. ఒక్క మాట చెప్తే సరిపోయేది. మోసం నీది కాదు, నాది, నేను మీ నాన్నని చంపేశా తెలుగులో అని. చెప్పలేకపోయా. తల నిమిరి, పడుకో అన్నా.

అంతలో పాస్టరమ్మ టార్చిలైటు వేసుకుని పైకొచ్చింది, ఏందే ఆ పిల్ల ఏడుస్తాంది అని. "ఇంటి మీద బెంగ పెట్టుకుందమ్మగారూ" అన్నా. పాపం, చిన్నపిల్ల కదా అని ఆమె కొబ్బరాకు విసనకర్ర తెచ్చి నిద్రపొయ్యేదాకా విసిరింది.

రెండ్రోజులకి వెళ్ళిపోయారు. మచ్చలక్క రెండు ఉత్తరాలు రాసి మానేసింది. పొడుగక్క తమ్ముడు క్షేమంగా తిరిగొచ్చాడని ఈమెయిల్ పెట్టింది, ఒంగోలు నెట్ సెంటర్లో చదువుకుని, బస్సెక్కి పొదిలి పొయ్యి సాయిబు గారికి చెప్పొచ్చా. చిన్నక్క నించి చాలా ఏళ్ళు ఏం లేదు. 2012లో ఫేస్‌బుక్‌లో తనే వెతుక్కుని వచ్చింది. ఇప్పుడు చర్చికి పోను, నర్సుగా చేస్తున్నా, ఆ అవ్వ ఎట్టా ఉంది అని అడిగింది. పెళ్ళి ఫొటో కూడా పంపింది.

ఆ ఏడు వేసవిలో ఊరికి పోయినప్పుడు అవ్వ దగ్గరికెళ్ళా. చూపు ఆనట్లేదు, అయినా మనిషి గట్టిగానే ఉంది. ఫోన్ వెలుతురు పెంచి ఫొటో చూపించా. తెల్లగౌను, చేతిలో పూలు, పక్కన సూటేసుకున్న పెద్దాయన చెయ్యి పట్టుకుని నడుస్తా ఉంది. అవ్వ ఫోన్ కంటికి ఆనించుకుని చాలాసేపు చూసింది.

"ఈయనెవరే?"

వాళ్ళ నాన్న. ముక్కు, నవ్వు, అచ్చం అదే మొహం.

"పెదనాన్నవ్వా" అన్నా.

"పోన్లే. తండ్రి లేకపోయినా ఆ పుణ్యాత్ముడన్నా చేశాడే పెళ్ళి" అని, ఫోన్ నా చేతిలో పెట్టి, కోళ్ళగంప కింద చెయ్యి పెట్టి గుడ్లు తడుముకుంటా, "ఈసారి పోయేటోళ్ళు ఎవరన్నా ఉంటే చెప్పు, పంపిద్దాం" అంది.